రత్నంగారి నల్లవాళ్ళ పాటలు

మా పక్కింటి మేడ మీద అద్దెకు దిగిన కుర్రాడు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఏదో పెడతాడు. దాన్ని పాట అనడానికి నాకు నోరు రాదు. గోడ దాటి నా దాకా వచ్చేసరికి అందులో మాటలు మిగలవు. ధబ్ ధబ్ మని ఒక దరువు మాత్రం వస్తుంది. ఆ దరువుకి మా వంటింటి స్టాండులో స్టీలు పళ్ళేలు సన్నగా వణుకుతాయి. వెళ్ళి సౌండు తగ్గించమని చెబుతానని మా ఆయన లేచాడు కూడా. నేనే ఆపాను. మాటలు అందని ఆ దరువు విన్నప్పుడల్లా నాకు రాజోలు సెంటరులో ఎరువుల కొట్టు పైన ఉండే పొడుగాటి గది, ఆ గదిలో కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుని వినే రత్నంగారు గుర్తొస్తారు. పాతికేళ్ళ నాటి మాట. ఆవిడ నాకు ఏం నేర్పారో ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. రెండు ముక్కల్లో చెబుదామంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి దెబ్బలాడుకుంటాయి.

మాది సఖినేటిపల్లి వైపు. కొంచెం కొబ్బరితోట, కొంచెం ఊడుపు చేను ఉన్న ఇల్లు. బీయే పూర్తి చేసి ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చోలేక, రోజూ బస్సెక్కి రాజోలు వచ్చి ఎవరో ఒకరి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. అప్పుడే ఎవరో చెప్పారు, గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే చోట ఒక మనిషి కావాలట అని. వెళ్ళాను. రత్నంగారు కువైట్‌లో ఒకే ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేసి తిరిగి వచ్చిన మనిషి. పొడుగ్గా, నల్లగా, వాయిల్ చీర కట్టి, వాచీని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేవారు. ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళకి అక్కడ అవసరం పడే నాలుగు మాటలు నేర్పి పంపడం ఆవిడ పని. నా సర్టిఫికెట్లు చూపించబోతే వద్దన్నారు. టేప్ రికార్డరులో ఒక క్యాసెట్ పెట్టి మీట నొక్కారు.

ఒక మగ గొంతు. రాగం లేదు, పల్లవి లేదు. వెనకాల దరువు, ముందు మాటలు, మాటల మీద మాటలు. కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు ప్రతి కామా దగ్గరా ఆగి గొంతు సవరించుకునేవారు. ఈ మనిషి కామాలన్నీ మింగేశాడు. కాసేపయ్యాక రత్నంగారు ఆపేసి నా వైపు చూశారు.

"ఇతనికి అంత కోపం ఎంచేతండి?"

"తెలీదండి," అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"నాకూ సగమేనండి తెలిసింది. మిగతా సగం మీకేమైనా తెలుస్తదేమోనని. రేపట్నించి రండి."

అలా నా మొదటి ఉద్యోగం అమెరికాలో నల్లవాళ్ళు పాడిన పాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి వినడం అయింది. నిఘంటువులో సగం మాటలు లేవు. ఉన్నవి కూడా అక్కడ రాసిన అర్థంలో ఉన్నట్టు అనిపించలేదు. అయినా మెల్లమెల్లగా కొన్ని కథలు బయటపడ్డాయి. ఒక పాటలో ఒకతను సొంత కారు నడుపుకుంటూ వెళుతుంటే పోలీసులు ఆపి, ఇది ఎవరి కారు అని అడుగుతారు. నాదే అంటే నమ్మరు. ఇంకో పాటలో ఒక తల్లి, కొడుకు ఇంటికి చేరేదాకా అన్నం ముట్టదు. కొడుకు రౌడీ కాదు, తాగుబోతు కాదు. నల్లవాడు, అంతే. ఆ తల్లి పాటను రాసుకున్న రోజు నాకు బస్సులో ఏడుపొచ్చింది. ఎందుకు వచ్చిందో మాత్రం తెలియలేదు. నేను ఆ దేశం చూడలేదు, ఆ మనుషుల్ని చూడలేదు.

ఆ క్యాసెట్లు రత్నంగారికి ఎలా వచ్చాయన్నది అసలు విచిత్రం. ఒక మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు చెప్పారు.

"మేం పనిచేసే ఇంటి పెద్దబ్బాయి అమెరికాలో చదువుకొచ్చేడండి. ఎప్పుడూ ఇయ్యే పాటలు. కార్లో ఇయ్యే, గదిలో ఇయ్యే. నేను నేల తుడుస్తూ వినేదాన్ని. ఒకసారి అడిగేను, బాబూ ఈ పాటలో ఏముందీ అని. కూర్చోబెట్టి చెప్పేడండి. మనుషుల్ని ఓడల్లో కట్టేసి తెచ్చిన కాణ్ణించి మొదలెట్టి అంతా చెప్పేడు. చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ వచ్చేయి. అంతా అయ్యేక టీ తెమ్మన్నాడు. తెచ్చేను. కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నువ్వు తాగే కప్పుతో కలిపి కడిగేవా అని అడిగేడండి."

"ఎంత దుర్మార్గుడండీ," అన్నాను.

"కాదండి. అదేనండి వచ్చిన చిక్కు. మంచోడే. నాకు జ్వరమొస్తే వాళ్ళమ్మ వద్దంటున్నా డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళేడు. పాట నాకు అర్థమయిందండి. ఆ అబ్బాయే అర్థం కాలేదు."

ఆ అబ్బాయి కొత్తగా వచ్చిన సీడీలు కొనుక్కుని క్యాసెట్లు పారేయబోతే, ఈవిడ అడిగి తెచ్చుకున్నారు. అందరూ గల్ఫ్ నుంచి సెంట్లు, దుప్పట్లు తెచ్చుకుంటే, మా అక్క పెట్టెడు గోల తెచ్చుకుందని వాళ్ళ తమ్ముడు ఏడిపించేవాడట.

క్లాసులో మాత్రం ఆ గోలే పనికొచ్చింది. చాపల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు మొదటి రోజు పాట వినగానే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "ఈ మడిసి మా నాట్లలోకొస్తే చేను మజ్జాన్నానికే అయిపోద్దండి," అంది. రత్నంగారు ఆ మాటను పట్టుకున్నారు. నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టు, ఇక్కడ ఒకామె ఒక వాక్యం ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. పాటలో మాటలు తగ్గి దరువు ఒక్కటే మిగిలే చోట్లు ఉండేవి. ఆ దరువు మీద మా ఆడవాళ్ళు తమ ఇంగ్లీషు చెప్పేవారు. "మై పాస్‌పోర్ట్ ప్లీజ్, మేడమ్. టూ మంత్స్ నో శాలరీ, మేడమ్. సిక్ టుడే, డాక్టర్ ప్లీజ్, మేడమ్." చేతులు తొడల మీద దరువేస్తుండేవి.

"మధ్యలో ఊపిరి తియ్యొద్దు," అనేవారు రత్నంగారు. "మీరు ఊపిరి తీసిన కాడ ఆవిడ అందుకుంటది. అందుకుందా, ఇక మీ వంతు రాదు. అంతా చెప్పేసి అప్పుడు తీసుకోండి ఊపిరి."

మొదట్లో నాకు ఇదంతా పిచ్చిగా కనిపించింది. పేరు అడిగితే నేల చూస్తూ గొణిగే మనిషి, పది రోజులయ్యేసరికి మూడు వాక్యాలు ఒక్క ఊపిరిలో, మనిషి మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాక నోరు మూసుకున్నాను. ఒకసారైతే పైన ఏదో తగువు జరుగుతోందని ఎరువుల కొట్టాయన మెట్లెక్కి వచ్చి, అందరూ కూర్చునే ఉండడం చూసి, "ఆయ్, కానివ్వండి, కానివ్వండి," అని దిగిపోయాడు.

అయినా నాకొక సందేహం తొలుస్తూనే ఉండేది. ఒకరోజు అడిగేశాను. "ఇవి తెల్లవాళ్ళు నల్లవాళ్ళకి చేసిన అన్యాయం గురించిన పాటలు కదండీ. మనకిక్కడ తెల్లవాళ్ళు లేరు. వీళ్ళకి దరువు చాలు, ఈ కథలన్నీ విడమరిచి చెప్పడం ఎందుకండీ?"

ఆవిడ కోప్పడలేదు. "మీ ఊళ్ళో మావోళ్ళ పేట ఏ వైపుంటదండి?" అన్నారు.

"కాలవ అవతల."

"ఎంచేత అవతలండి?"

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. క్యారేజీ గిన్నె తుడుచుకుంటూ, "మా తమ్ముడు కొత్త సైకిలు కొనుక్కుని వస్తుంటే ఊరి మొగలో ఆపి, ఎవరిదిరా ఇది అని అడిగేరు. ఆ కారు పాట నాకు అలా అర్థమయిందండి," అన్నారు.

"అయితే రెండూ ఒకటేనాండీ?"

"ఏమోనండి. ఆళ్ళ దేశం ఆళ్ళది."

ఇదిగో, ఆవిడతో ఇదే కష్టం. దారి చూపిస్తున్నారనుకుని వెనకాలే వెళితే, ఒక మలుపు తిప్పి అక్కడ వదిలేసేవారు.

మంగ వచ్చింది ఆ వేసవిలోనే. వాళ్ళాయన కొబ్బరికాయలు దింపు తీసేవాడు. చెట్టు మీద నుంచి పడి నడుము పోయింది. మంచం మీదే అన్నీ. ఇద్దరు చిన్నపిల్లలు. కొబ్బరి పీచు పనికి వెళ్ళి మంగ తెచ్చేది వాళ్ళ తిండికి చాలితే మందులకు చాలదు, మందులకు చాలితే తిండికి చాలదు. కువైట్ వెళ్ళి రెండేళ్ళు పనిచేస్తే తప్ప ఆ ఇల్లు నిలబడదు. క్లాసులో అందరికంటే చురుకు. గొంతు గట్టిది. నాట్ల పాటల్లో ఎప్పుడూ ఎత్తుకునేది తనేనట. అలాంటి మంగ ఫోటో వీసాలు ఇప్పించే ఏజెంటు దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. ఇంకోటి తీయించి పంపారు. అదీ వచ్చింది. ఇంటావిడను అక్కడ మామా అంటారు. ఆ మామాలు ఫోటోలు చూసి మనుషుల్ని ఎంచుకుంటారని, మంగ రంగు తక్కువగా ఉందని అంటున్నారని ఏజెంటు చెప్పాడు. మూడోది కూడా తిరిగొస్తే ఇక తన వల్ల కాదన్నాడు.

ఇక్కడ ఫోటోల సంగతి కొంచెం చెప్పాలి. సెంటరులో సత్యంగారి స్టూడియోలో అద్దం పక్కన పౌడరు డబ్బా, కుచ్చు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. గల్ఫ్ ఫోటోకి ఏ ఆడమనిషి వచ్చినా ఆయన ముందు మొహం నిండా దట్టంగా పౌడరు వేయించి, అప్పుడు లైట్లు వేసేవారు. అది మర్యాద కింద లెక్క. రత్నంగారు ఒక్కరే దానికి అడ్డం పడ్డారు. తన దగ్గర నేర్చుకునేవాళ్ళని తనే వెంటబెట్టుకుని వెళ్ళి, చేతులు కట్టుకుని పక్కన నిలబడేవారు.

"మావోళ్ళకి పుయ్యొద్దండి."

"చెడగొట్టడానికాండీ నేను చెప్పేది? బాగు కోసమే కదండీ," అనేవారు సత్యంగారు నొచ్చుకుని.

"ఉన్న మొహం ఉన్నట్టు తియ్యండి."

అప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో. పాటల్లో ఉన్నది ఈవిడ బతుకులో కూడా ఉంది అనుకునేదాన్ని. మంగ రెండు ఫోటోలూ అలా ఉన్న మొహం ఉన్నట్టు తీసినవే. అంటే ఆ రెండూ తిరిగి రావడంలో రత్నంగారి పట్టుదలకి కూడా వాటా ఉంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మంగ అసలే అనలేదు.

మూడో ఫోటో తీయించాల్సిన రోజు నేను వెళ్ళేసరికి గదిలో పాట మోగుతోంది. ఆ తల్లి పాటే. కిటికీ దగ్గర కుర్చీలో మంగ కూర్చుని ఉంది. రత్నంగారు తడిగుడ్డతో మంగ మొహం తుడిచి, స్నో క్రీము రాసి, మీద పౌడరు అద్దుతున్నారు. మెడ దాకా, చెవుల వెనక దాకా, ఎక్కడా వదలకుండా. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

"మేడంగోరూ, మరి మీరే వద్దన్నారు కదండీ," అంటోంది మంగ.

"అన్నాను."

"మరి?"

"కళ్ళు మూసుకో. లోపలికెళ్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. సత్యంగారు చేస్తే తప్పు, ఈవిడ చేస్తే కాదా? అది కూడా ఆ పాట వింటూ. ఒక చెవిలో ఆ తల్లి గోడు, కళ్ళ ముందు ఈ పౌడరు, రెండూ కలిపి భరించలేకపోయాను. "ఆ పాటయినా ఆపండి," అన్నాను, ఆవిడతో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా.

రత్నంగారు చెయ్యి ఆపలేదు. "పాట మంగ మొగుడికి మందులు కొనదండి."

"అయితే అసలు పాట ఎందుకండీ?"

"పాట లేకపోతే, ఈ పౌడరే తన మొహం అనుకుంటదండి."

ఆ మాటకి నేను తగ్గాను. తగ్గానే గానీ ఒప్పుకున్నానో లేదో నాకు తెలియదు. ఈలోగా మంగ అద్దం తీసుకుని చూసుకుంది. మేమిద్దరం ఎందుకు మాటా మాటా అనుకుంటున్నామో దానికి పట్టలేదు. సిగ్గుపడుతూ నవ్వి, "బాగున్నానాండీ?" అంది. తర్వాత కొంచెం ఆగి, "మా ఆయనకి ఒక కాపీ ఇప్పించండి మేడంగోరూ. మంచం పక్కన పెట్టుకుంటాడు," అంది. అప్పుడు రత్నంగారి మొహం చూడలేకపోయాను. టేపు దానంతట అది అయిపోయి ఆగింది.

ఆ ఫోటో తిరిగి రాలేదు. వీసా వచ్చింది. వెళ్ళే ముందు వారమంతా రత్నంగారు మంగకి ఒక్కటే పాఠం చెప్పారు. తను కుర్చీలో కూర్చుని మామా అయ్యేవారు. చేతిలో ఫోటో. ఫోటోను చూసి, మంగను చూసి, మళ్ళీ ఫోటోను చూసి, "ఇది నువ్వు కాదు," అనేవారు. ఆ చూపుకి పక్కనున్న నేనే ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. అంత బాగా ఎక్కడ నేర్చుకున్నారని అడగక్కర్లేదు. మంగ బెదరకూడదు. దరువు మీద, ఊపిరి తియ్యకుండా చెప్పాలి. "ఫోటో మైన్, మేడమ్. వర్క్ గుడ్, మేడమ్. వన్ మంత్ యూ సీ, మేడమ్." మొదట్లో రెండో మాట దగ్గరే ఆగి ఊపిరి తీసేది. వెళ్ళే ముందు రోజుకి రత్నంగారే చూపు తిప్పుకునేంత గట్టిగా చెప్పింది.

కింద ఎరువుల కొట్టులోని ఫోనుకి కువైట్ నుంచి కాల్ వచ్చిందని పిలిస్తే ఇద్దరం పరుగెత్తాం. రత్నంగారు రిసీవరు చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నారు, నాకూ వినబడాలని.

"చేరేనండి మేడంగోరూ. మామా ఫోటో చూసింది, నన్ను చూసింది. మీరు చెప్పినయ్యన్నీ ఆపకుండా చెప్పేసేనండి."

"ఏమంది?"

"నవ్విందండి. ఇక్కడ వంటచేసే సిలోనావిడకి మన మాట కాస్త వచ్చు, ఆవిడ చెప్పింది. రంగు సంగతి నేనెప్పుడడిగేను అందంటండి. పై అరలు అందుకోడానికి పొడుగు మనిషి కావాలన్నాను, మీ ఏజెంట్లే అందరికీ పిండి పూసి ఫోటోలు పంపుతారు అందంటండి. నాయి ముందు తీసిన రెండు ఫోటోలు ఆవిడ దాకా రానేలేదటండి."

ఇంకా ఏదేదో చెప్పింది. మంచం ఇచ్చారని, పిల్లలు గుర్తొస్తున్నారని, వాళ్ళాయనకి చెప్పమని. ఆ గొంతులో ఉన్న ధీమాకి నాకు కళ్ళు చెమర్చాయి. రత్నంగారు అన్నిటికీ ఊ కొట్టి, ఒళ్ళు జాగ్రత్త అని పెట్టేశారు. పెట్టేసి, వెంటనే ఏజెంటుకి ఫోన్ కలిపారు. "రంగు తక్కువని ఎవరన్నారండి మీతో?" అతను తడబడలేదు. బొంబాయి ఆఫీసువాళ్ళు అంటారండి అన్నాడు. వాళ్ళకెవరు చెప్పేరు? అది నాకెలా తెలుస్తదండి, కువైట్‌వాళ్ళే చెప్పి ఉంటారు, ఎప్పట్నించో ఇలాగే కదండీ అన్నాడు. ఆవిడ రిసీవరు మెల్లగా పెట్టేశారు.

మెట్లెక్కి పైకి వచ్చి, మంగను కూర్చోబెట్టిన కుర్చీలో కూర్చున్నారు. "మరి నేను ఎవరికోసం పూసేనండి?" అన్నారు.

నన్ను అడుగుతున్నారనుకుని ఏదో ఓదార్పు మాట వెతికాను. ఆవిడ చూపు నా మీద లేదు. అంత పెద్ద మనిషి, పన్నెండేళ్ళు పరాయి ఇంట్లో నిలబడి వచ్చిన మనిషి, అలా చిన్నబోయి కూర్చోవడం చూసి నాకు దుఃఖం వచ్చింది.

మర్నాడు క్లాసు యథాప్రకారం జరిగింది, పాటలూ మోగాయి. ఆవిడ మళ్ళీ ఎవరికీ పౌడరు పూయలేదు. కానీ సత్యంగారు పూస్తుంటే అడ్డం కూడా పడలేదు. స్టూడియో బయటే నిలబడి రోడ్డు చూసేవారు. అది ఓటమో, అలసటో, లేక నాకు అందని ఇంకేదైనానో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మంగ డబ్బు పంపింది, వాళ్ళాయనకు వైద్యం జరిగి మంచం మీద లేచి కూర్చోగలిగాడు. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. కొన్నేళ్ళకి రత్నంగారు క్లాసులు మానేసి మండపేటలో తమ్ముడి దగ్గరికి చేరారని, అక్కడే పోయారని విన్నాను.

ఎవరికోసం పూసేనన్న ఆవిడ ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లలకి ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో చెబుతాను. మాటకి ముందు ఆయ్ అనొద్దు, సాగదీయొద్దు, మీది ఏ ఊరో మీ గొంతులో తెలియనివ్వొద్దు అని ప్రతి ఏడూ చెబుతాను. మాట దిద్దుకున్న పిల్లలకి ఉద్యోగాలు వస్తాయి. దిద్దినందుకే వస్తున్నాయో, దిద్దకపోయినా వచ్చేవో తెలియదు. పోయిన నెల కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగింది. తెలివైన పిల్ల. నేను చెప్పిన పాఠం మూడుసార్లు అప్పజెప్పి, మూడుసార్లూ బాగా చెప్పింది. తర్వాత పుస్తకాలు గుండెకి ఆనించుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"మేడం, మన మాట ఇలా ఉండకూడదని ఎవరన్నారండి? కంపెనీవాళ్ళాండి?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్ళలో ఏ కంపెనీ మనిషీ నాతో ఆ మాట అనలేదు.